బొటనవేలు ఖరీదెంత? రోడ్డు ప్రమాద నష్టపరిహారం నడిచివచ్చిన దారి



ఏకలవ్యుడి కథ మనందరికీ తెలిసిందే. ద్రోణుడు గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు అడిగాడు, ఏకలవ్యుడు కోసి ఇచ్చేశాడు. పోయింది ఒక్క వేలే. మిగతా తొమ్మిది వేళ్ళున్నాయి, కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి. మరి ఏకలవ్యుడికి జరిగిన నష్టం ఎంత? పదో వంతా? ఆ తర్వాత కూడా మిగిలిన వేళ్ళతో బాణం వేశాడని భారతం చెబుతుంది. కానీ మునుపటి వేగం లేదు. విలుకాడికి ఆ వేగమే విద్య. అదే వేలు ఒక గాయకుడికి పోయిందనుకోండి. నొప్పి అంతే ఉంటుంది, రక్తం అంతే పోతుంది, గొంతు మాత్రం ఎక్కడికీ పోదు.

మన జిల్లా కోర్టుల్లో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ముందు రోజూ నలిగే ప్రశ్న ఇదే. లారీ గుద్ది కాలు పోయింది, బస్సు కింద పడి చేయి నలిగింది, ఇంక బాగుపడదు అని డాక్టరు చెప్పేశాడు. ఆ మనిషికి ఎంత ఇవ్వాలి? పోయిన అవయవానికి వెల కట్టాలా, పోయిన బతుకుతెరువుకి వెల కట్టాలా? ఈ రెండింటి మధ్య చట్టం ఎలా నడిచిందో ఈరోజు చెప్పుకుందాం. ఈ తేడా తెలియక లక్షలు పోగొట్టుకుంటున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఇది పాతకాలపు ముచ్చట మాత్రమే కాదు.

మొదట అవయవాల ధరల పట్టికలు చూద్దాం. సుమారు 1,400 ఏళ్ళ కిందట ఇంగ్లండులోని కెంట్ అనే చిన్న రాజ్యాన్ని ఎథెల్బర్ట్ అనే రాజు ఏలాడు. ఆయన శాసనంలో ఒళ్ళంతా ధరలే. కన్ను పొడిస్తే 50 షిల్లింగులు, పాదం నరికితే 50, బొటనవేలికి 20, చెవికి 12. మంగలి కొట్టులో రేట్ల బోర్డు లాగా ఉంటుంది. నవ్వొస్తుంది గానీ అందులో ఒక మంచి ఉంది. కన్నుకు కన్ను అంటూ పగ తీర్చుకునే బదులు డబ్బు తీసుకుని గొడవ ఆపండి అని చెప్పడమే దాని ఉద్దేశం.

మన దగ్గర కూడా ఈ ఆలోచన లేకపోలేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బండి ప్రమాదాల మీద శ్లోకాలున్నాయి. ఎద్దు ముక్కుతాడు తెగితే, కాడి విరిగితే, ఇరుసు విరిగితే, తప్పుకోండి తప్పుకోండి అని బండివాడు కేక వేసినా జరిగితే, ఇలా పది సందర్భాల్లో శిక్ష లేదు. బండి తోలేవాడికి పని రాకపోవడం వల్ల ప్రమాదం జరిగితే బండి యజమానికి 200 పణాల జరిమానా. పని వచ్చినవాడు నిర్లక్ష్యంగా తోలితే జరిమానా తోలినవాడికే. లైసెన్సు లేని డ్రైవరుకి బండి ఇస్తే ఓనరు బాధ్యత ఏమిటి అని ఈరోజు ఇన్సూరెన్సు కంపెనీ లాయర్లు వాదించేది ఇంచుమించు ఇదే. అయితే జరిమానా రాజు ఖజానాకి వెళ్తుంది. ఒక మనిషి ఇంకొకరి అవయవానికి దెబ్బ తగిలిస్తే వైద్యానికి అయ్యే ఖర్చు పెట్టుకోవాలి అని విడిగా ఉంది. దాన్నే సముత్థాన వ్యయం అన్నారు, అంటే మనిషి మళ్ళీ లేచి తిరిగేదాకా అయ్యే ఖర్చు. లేచి తిరగలేని మనిషి సంగతి ఏమిటి? అతని మిగతా బతుకుకి అక్కడ లెక్క కనిపించదు. పైగా ఆ ధర్మశాస్త్రంలో శిక్షలు వర్ణాన్ని బట్టి మారతాయి, అందరి చేయీ ఒకే చేయి కాదు. అదీ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు నేరుగా రైలు కాలానికి వచ్చేద్దాం. ఇంగ్లండు న్యాయంలో ఒక విచిత్రం ఉండేది. నిర్లక్ష్యం వల్ల గాయపడినవాడు దావా వేయవచ్చు, చనిపోతే మాత్రం దావా కూడా అతనితోనే పోతుంది. అంటే మనిషిని కుంటివాణ్ణి చేయడం కంటే చంపేయడం చౌక! రైలు ప్రమాదాలు పెరిగాక 1846లో అక్కడ చట్టం తెచ్చి చనిపోయినవాడి కుటుంబానికి హక్కు ఇచ్చారు. దాన్ని చూసి 1855లో మన దేశంలో ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ తెచ్చారు. అది మరణాలకు. గాయపడి బతికినవాడు మామూలు సివిల్ కోర్టుకే పోవాలి. కోర్టు ఫీజు కట్టాలి, ఎదుటివాడి తప్పు రుజువు చేయాలి, డిక్రీ వచ్చాక వసూలు చేసుకోవాలి. కాలు పోయిన కూలీ ఇవన్నీ చేయగలడా?

కూలీ అన్నాను కదా, అసలు మలుపు అక్కడే ఉంది. 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ యాక్ట్ వచ్చింది. పనిలో దెబ్బ తగిలితే యజమాని తప్పు ఉందా లేదా అని చూడకుండా పరిహారం ఇవ్వాలి. ఎంత? దానికి ఒక షెడ్యూలు పెట్టారు. బొటనవేలు పోతే 25 శాతం, ఒక కన్ను పోతే 30 శాతం, కుడి చేయి మోచేతి దగ్గర గానీ పైన గానీ పోతే 70, ఎడమ చేయి అయితే 60. తర్వాతి సవరణల్లో బొటనవేలు 30కి, కన్ను 40కి పెరిగాయి.

చూడ్డానికి ఎథెల్బర్ట్ పట్టిక లాగే ఉంది కదా? కానీ పైన రాసిన శీర్షిక చూడండి. సంపాదన శక్తిలో నష్టం ఎంత శాతం అని ఉంది. చట్టం మొదటిసారి శరీరాన్ని దాటి సంపాదన గురించి మాట్లాడింది. కాకపోతే కుడి చేయి పోతే ఎవరికైనా 70 శాతమే అని అందరినీ ఒకే తక్కెడలో తూచింది.

రోడ్ల సంగతి చూద్దాం. 1932లో నిజాం రైల్వే వాళ్ళు హైదరాబాదు సంస్థానంలో బస్సులు మొదలుపెట్టినప్పుడు ఉన్నవి 27 బస్సులు. అప్పటి వాహనాల సంఖ్య అలాంటిది. బ్రిటిష్ ఇండియాలో 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చింది. అందులో థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి అనే భాగం అమల్లోకి రావడానికి 1946 జూలై 1 దాకా పట్టింది. ఇది చాలా పెద్ద విషయం. లారీ ఓనరు దగ్గర డబ్బు లేకపోయినా బాధితుడికి ఇచ్చే చేయి ఒకటి ఉంటుంది. కానీ ఆ చేయికి గుప్పెడు చిన్నది. సరుకు లారీల విషయంలో బీమా కంపెనీ బాధ్యతకి మొదట 20,000 రూపాయల పరిమితి ఉండేది. 1969లో 50,000, 1982లో లక్షన్నర చేశారు. 1988 చట్టం వచ్చాకే బయటివాళ్ళకి కలిగిన మరణం, గాయాల విషయంలో ఆ పరిమితి పోయింది.

1956 సవరణతో మోటారు ప్రమాదాలకి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు వచ్చాయి. దావా పోయి దరఖాస్తు వచ్చింది. అయినా తప్పు ఎవరిదో రుజువు చేయాల్సిందే అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. రాత్రిపూట హైవే మీద గుద్దేసి పోతే సాక్షి ఎక్కడ దొరుకుతాడు? జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ లాంటివాళ్ళు, తప్పుతో సంబంధం లేని పరిహారం కావాలి అని తీర్పుల్లోనే గట్టిగా రాశారు. చివరికి 1982లో పార్లమెంటు ఒప్పుకుంది. తప్పు ఎవరిదైనా సరే మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. 1988 చట్టంలో అవి 25,000, 12,000 అయ్యాయి, 1994లో 50,000, 25,000.

శాశ్వత వైకల్యం అంటే ఏమిటో కూడా చట్టం చెప్పింది. ఏ ఒక్క కంటి చూపు గానీ, ఏ ఒక్క చెవి వినికిడి గానీ శాశ్వతంగా పోవడం. అవయవం గానీ, కీలు గానీ పోవడం, లేదా దాని శక్తి శాశ్వతంగా తగ్గడం. తల గానీ ముఖం గానీ శాశ్వతంగా వికారం కావడం. చివరిది గమనించారా? మొహం మీద పడిన మచ్చ వల్ల సంపాదన తగ్గకపోవచ్చు, కానీ అదీ నష్టమే అని చట్టం ఒప్పుకుంది.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఏకలవ్యుడి వేలు ఎవరి వేలు అని మన కోర్టు ఎప్పుడు అడిగింది?

అది రోడ్డు ప్రమాదం కేసు కాదు. ఒడిశాలో ఒక వడ్రంగి సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ కింద పడ్డాడు. ఎడమ చేయి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. షెడ్యూలు ప్రకారం ఇది పాక్షిక వైకల్యం మాత్రమే అని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1975లో నలుగురు జడ్జీల బెంచి ఏమందంటే, వడ్రంగి పని ఒంటి చేత్తో జరగదు, కాబట్టి ఇతనికి నష్టం నూటికి నూరు. ఆలోచించి చూడండి. చెక్కని ఒక చేత్తో పట్టుకోకపోతే ఇంకో చేత్తో రంపం ఎలా లాగుతాడు? అరవై, డెబ్భై అని రాసిన పట్టికకి రంపం సంగతి తెలియదు.

ఈ ఆలోచన రోడ్డు ప్రమాదాల కేసుల్లో స్థిరపడటానికి ఇంకో 35 ఏళ్ళు పట్టింది. మధ్యలో 1995లో, నడుము కింద చచ్చుబడిన 52 ఏళ్ళ న్యాయవాది కేసులో సుప్రీంకోర్టు నష్టాన్ని రెండు గంపలుగా విడదీసింది. ఒకటి డబ్బులో లెక్క తేలేది, అంటే వైద్యం, పోయిన సంపాదన, ఇతర ఖర్చులు. రెండోది లెక్క తేలనిది, అంటే నొప్పి, నడవలేకపోవడం, పిల్లలతో ఆడుకోలేకపోవడం, తగ్గిపోయిన ఆయుష్షు. ఈరోజు ట్రిబ్యునల్ తీర్పు ఏది తీసినా ఈ రెండు గంపలు కనిపిస్తాయి.

తర్వాత 2010 అక్టోబరులో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసు. ప్రమాదం జరిగింది 1991లో, తీర్పు వచ్చేసరికి 19 ఏళ్ళు. జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ రాసిన ఈ తీర్పు ఈ విషయానికి పాఠ్యపుస్తకం లాంటిది. ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. డాక్టరు సర్టిఫికెట్లో ఉన్న శాతం వేరు, సంపాదన తగ్గిన శాతం వేరు. మొదట ఆ శాతం ఒక్క కాలికి చెప్పిందా, ఒళ్ళు మొత్తానికి చెప్పిందా చూడాలి. తర్వాత ఆ మనిషి ప్రమాదానికి ముందు ఏ పని చేసేవాడో, ఎంత వయసో చూడాలి. ఇప్పుడు ఏ పని చేయగలడు, ఏది చేయలేడు, అదే పని చేయగలడా, వేరే పని దొరుకుతుందా అని చూడాలి. ఎడమ చేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోతుంది. అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలబడితే జీతం తగ్గకపోవచ్చు. అప్పుడు అతనికి సంపాదన పద్దు కింద ఇచ్చేది తగ్గుతుంది, జీవితంలో పోగొట్టుకున్న సుఖాల పద్దు కింద ఇచ్చేది పెరుగుతుంది. ఇంకో మాట కూడా చెప్పారు. సర్టిఫికెట్ కాగితం ఒక్కటి పెట్టేస్తే చాలదు, వైద్యం చేసిన డాక్టరుతో గానీ మెడికల్ బోర్డుతో గానీ తేల్చుకోవాలి.

ఆ తర్వాత వచ్చిన తీర్పుల్లో మనుషులు కనిపించడం మొదలైంది. 2014లో కాలు పోయిన ఒక కూరగాయల వ్యాపారి కేసు. కూర్చుని అమ్ముకునే పనే కదా అనుకోవచ్చు. కానీ పొద్దున్నే మార్కెట్ నుంచి బస్తాలు దించాలి, ఎక్కించాలి. సుప్రీంకోర్టు అతని నష్టాన్ని 85 శాతంగా తీసుకుంది. 2020లో చేయి పోయిన డేటా ఎంట్రీ ఆపరేటర్ కేసులో హైకోర్టు 45 శాతం అంటే సుప్రీంకోర్టు 65 అంది. ఎందుకంటే అతని పనంతా కీబోర్డు మీద.

2018లో ఇంకో వడ్రంగి. నెలకు 6,000 సంపాదించేవాడు, వయసు పాతికేళ్ళలోపు. ప్రమాదంలో రెండు చేతులూ పోయాయి. సర్టిఫికెట్లో 90 శాతం. కోర్టు సంపాదన మొత్తం పోయినట్టే లెక్క కట్టింది, ముందు ముందు పెరగాల్సిన ఆదాయాన్ని కూడా కలిపింది. మొత్తం 25 లక్షల 38 వేల పైచిలుకు వచ్చింది.

2020 ఫిబ్రవరిలో హర్యానా అమ్మాయి కేసు వచ్చింది. ప్రమాదం 2007లో, అప్పటికి ఆ పిల్లకి 12 ఏళ్ళు. మెదడు దెబ్బతిని, తెలివిలో తొమ్మిది నెలల పసిపాప స్థాయిలో ఉండిపోయింది. కింది కోర్టులు ఏడాదికి 15,000 ఆదాయం అని ఊహించుకుని లెక్కవేశాయి. ఆ అంకె 1994లో చట్టంలో పెట్టిన షెడ్యూలుది. సంపాదన లేనివాళ్ళకి ఏడాదికి 15,000, అంటే నెలకు 1,250 రూపాయలు. ట్రిబ్యునల్ 11 లక్షలు, హైకోర్టు 25 లక్షల 78 వేలు ఇచ్చాయి. సుప్రీంకోర్టు నైపుణ్యం ఉన్న కూలీ కనీస వేతనాన్ని ఆధారం చేసుకుని, జీవితాంతం ఇద్దరు సహాయకుల ఖర్చు కూడా కలిపి 62 లక్షల 27 వేలు చేసింది. ఆ పిల్లని ఎత్తి పడుకోబెట్టే మనిషికి కూడా జీతం ఉంటుంది అన్న సంగతి లెక్కలోకి వచ్చిందన్నమాట. మన ఇళ్ళల్లో ఆ పని తల్లులు చేస్తారు కాబట్టి అది ఖర్చు అనే ఎవరికీ తోచదు.

సరే, ఇప్పుడు లెక్క ఎలా వేస్తారో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. 32 ఏళ్ళ తాపీమేస్త్రీ, నెలకు 12,000 సంపాదన. ఏడాదికి 1,44,000. సొంత పని చేసుకునే 40 ఏళ్ళలోపువాళ్ళకి, పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017 ప్రణయ్ సేథీ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి చెప్పింది. అది కలిపితే 2,01,600. దీన్ని వయసును బట్టి ఒక సంఖ్యతో గుణిస్తారు. 2009 సరళా వర్మ తీర్పు పట్టికలో 31 నుంచి 35 ఏళ్ళకి ఆ సంఖ్య 16. గుణిస్తే 32,25,600. మరణం కేసుల్లో సొంత ఖర్చు అని కొంత కోస్తారు, ఇక్కడ మనిషి బతికే ఉన్నాడు, తినాలి కదా, కోత లేదు. చివరగా దీన్ని నష్టం శాతంతో గుణించాలి.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. కాగితంలో 30 శాతం అని ఉంది కాబట్టి అదే వేస్తే 9,67,680. అతను ఇక పరంజా ఎక్కలేడు, బరువు మోయలేడు, నష్టం 75 శాతం అని రుజువైతే 24,19,200. మనిషి అతనే, గాయమూ అదే. తేడా మాత్రం 14 లక్షల 51 వేలు. ఇది సంపాదన పద్దు ఒక్కటే. వైద్యం, నొప్పి, మున్ముందు ఆపరేషన్లు, కృత్రిమ కాలు, ఇవన్నీ వేరు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఒక గందరగోళం ఉంది. సదరం సర్టిఫికెట్ అందరికీ తెలుసు. అందులో 40 శాతం వచ్చిందా లేదా అన్నదాని మీద పింఛను ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ అంకె జనం మనసులో పాతుకుపోయింది. ప్రమాదం కేసులో కూడా అదే చివరి మాట అనుకుంటారు. ఆ కాగితం ఒంట్లో ఏముందో చెబుతుంది. ఆ ఒంటితో మీరు ఏ పని చేసేవారో దానికి తెలియదు. పని తీరు చెప్పాల్సింది మీరు, మీతో పనిచేసినవాళ్ళు, మీ మేస్త్రీ, మీ ఓనరు.

చరిత్ర ఎప్పుడూ ముందుకే నడుస్తుంది అనుకోకండి. 2018 మేలో ఆ పాత షెడ్యూలు మార్చి, తప్పు రుజువు అక్కర్లేని దారిలో శాశ్వత వైకల్యానికి 5 లక్షల్లో కొంత శాతం అన్నారు. ఏ శాతం? 1923 చట్టం షెడ్యూల్లో ఉన్న శాతం! మళ్ళీ అవయవాల పట్టికే. 2019 సవరణ దాన్నీ తీసేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ దారిలో మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు అని ముక్తసరిగా ఉంది. వేలు విరిగినా, రెండు కాళ్ళు పోయినా తీవ్రగాయమే. త్వరగా వచ్చే డబ్బు అవసరమే, కాదనను. కానీ శాశ్వతంగా పని పోయినవాడికి అది సరిపోదు, అతను పూర్తి పరిహారం దారిలోనే వెళ్ళాలి. ఆ దారిలో కూడా, 1994లో ఎత్తేసిన 6 నెలల గడువు అదే 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలోకి మళ్ళీ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి 6 నెలలు ఇట్టే గడిచిపోతాయి. అందుకే ఇంట్లో ఎవరో ఒకరు ముందే కదలాలి. లోక్ అదాలత్‌లో రాజీకి సంతకం పెట్టేముందు కూడా ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోండి, ఎందుకంటే అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు.

కెంట్ రాజు బొటనవేలికి 20 షిల్లింగులన్నాడు. 1923 చట్టం 25 శాతం అంది. ఆ వేలితో నువ్వు ఏం చేసేవాడివి అని అడగడం మన కోర్టులు నేర్చుకున్నది నిన్నమొన్ననే. అడిగినప్పుడు జవాబు చెప్పే మనిషి కోర్టులో ఉండాలి. కాగితం ఒక్కటే ఉంటే, పాత పట్టికే మళ్ళీ తీర్పు చెబుతుంది.

మీ ఊళ్ళో ప్రమాదం వల్ల పని పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి వినిపించండి.